కలిపిన రోబో చెయ్యి ఎందుకు జారిపోతుంది?

డబ్బా మీద ఒక పక్క ఐదు బండ్లు. ఇంకో పక్క ఆ ఐదూ కలిస్తే తయారయ్యే పెద్ద రోబో, ఒక చెయ్యి పైకెత్తి కత్తి పట్టుకుని. ఇంటికి తెచ్చి కలిపితే ఆ చెయ్యి నిమిషం కూడా నిలవదు. మెల్లగా కిందికి వాలుతుంది, కాసేపటికి మొత్తంగా ఊడి వస్తుంది. విశాఖలో పూర్ణా మార్కెట్‌లో కొన్నా, మాల్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పిల్లలున్న ఇళ్లలో ఈ గొడవ మామూలే. చవక సరుకు అంతే అని మనం తేల్చేస్తాం. అందులో నిజం సగమే. ఖరీదైన బొమ్మల్లోనూ ఇదే సమస్య ఉంటుంది. ఎందుకంటే ఒక రోబోని ఇంకో రోబోకి తగిలించడం మొదటి నుంచీ రాజీ వ్యవహారమే: గట్టిగా పట్టుకోవాలి, మళ్లీ ఆరేళ్ల పిల్లాడు లాగితే ఊడిరావాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు.

చిక్కు విప్పాలంటే ముందు ఒక సంగతి విడదీసుకోవాలి. ఈ బొమ్మల్లో కలవడం అనేది ఒక పద్ధతి కాదు, మూడు. మొదటి దానిలో ప్రతి ముక్కకీ ఒకే ఒక చోటు ఉంటుంది. కుడి చెయ్యి ఎప్పటికీ కుడి చెయ్యే. రెండో దానిలో ఏ ముక్కనైనా చెయ్యిగానో కాలుగానో పెట్టుకోవచ్చు. మూడోది పూర్తిగా వేరు: అక్కడ పెద్ద రోబో ఏదీ తయారవదు, తుపాకీలు, రెక్కలు, కవచాలు, చిన్న రోబోలు ఒంటి మీదున్న కన్నాల్లో ఎక్కడ కావాలంటే అక్కడ తగులుకుంటాయి. డబ్బా మీద మూడింటినీ ఒకేలా గొప్పగా చెప్పుకుంటారు. కొనేవాళ్లకి మాత్రం తేడా తెలిసి ఉంటే మంచిది.

మొదటి పద్ధతి 1970ల జపాన్‌లో మొదలైంది. 1974లో వచ్చిన గెట్టర్ రోబో కార్టూన్‌లో మూడు విమానాలు కలిసి ఒక రోబో అయ్యేవి. అది గీసిన బొమ్మ కాబట్టి లోహం ఎటు కావాలంటే అటు సాగేది, చక్రాలు ఎక్కడికో మాయమయ్యేవి. చేత్తో పట్టుకునే బొమ్మలో ఆ మాయ కుదరదు. 1976లో కాంబాట్లర్ వి వచ్చినప్పుడు పోపీ అనే కంపెనీ ఐదు వాహనాలు తెర మీద ఎలా కలుస్తాయో చేతిలోనూ అలాగే కలిసేలా బొమ్మని తయారుచేసింది. తర్వాత 1981లో ఐదు సింహాలు కలిసే గోలయన్ వచ్చింది. దాన్నే 1984లో అమెరికాలో వోల్ట్రాన్ పేరుతో చూపించారు. నల్ల సింహం మొండెం, ఎర్రదీ ఆకుపచ్చదీ చేతులు, నీలందీ పసుపుదీ కాళ్లు. మార్చడానికి లేదు.

ఒకే చోటు ఉండటంలో పెద్ద సుఖం ఉంది. డిజైనర్‌కి ఏ ముక్క మీద ఎంత బరువు పడుతుందో ముందే తెలుసు. కాలు అవ్వబోయే ముక్కని బరువుగా, చెయ్యి అవ్వబోయేదాన్ని తేలికగా చేసుకోవచ్చు. కాబట్టి చేతిలో నిలకడగా ఉండే కలయిక బొమ్మలు ఎక్కువగా ఈ రకంలోనే దొరుకుతాయి. దీనికి చెల్లించే మూల్యం విడి భాగాలు. 1985లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే, రూపం మార్చుకునే రోబో బొమ్మల్లో వచ్చిన డివాస్టేటర్‌నే తీసుకోండి. ఆరు నిర్మాణ వాహనాలు కలిస్తే ఒక రాక్షసుడు. కానీ తల, ఛాతీ పలక, ముంజేతులు ఏ వాహనంలోనూ లేవు, విడిగా ఇచ్చారు. సోఫా కింద ఒక ముంజెయ్యి పోతే ఆ రాక్షసుడు మొండి చేత్తో ఉండాల్సిందే. పాత బొమ్మలు సేకరించేవాళ్లు ఇప్పటికీ ఇలాంటి చిన్న ముక్కల కోసం వెతుకుతూనే ఉంటారు.

రెండో పద్ధతి తర్వాతి ఏడాదే, 1986లో వచ్చింది. టకారా, హాస్‌బ్రో కంపెనీల ట్రాన్స్‌ఫార్మర్స్ శ్రేణిలో ఏరియల్‌బాట్స్, స్టంటికాన్స్, ప్రొటెక్టోబాట్స్, కాంబాటికాన్స్ అని నాలుగు జట్లు. జపాన్‌లో ఈ పద్ధతికి స్క్రాంబుల్ సిటీ అని పేరు. ప్రతి జట్టులో మొండెం అయ్యే నాయకుడు ఒకడు, అవయవాలయ్యేవాళ్లు నలుగురు. నాలుగు జట్లకీ తగిలింపు కొలత ఒకటే. అంటే శత్రువు జట్టులోని కారుని కూడా నీ రోబోకి కాలుగా పెట్టుకోవచ్చు.

లెక్క వేస్తే ఇందులోని మజా తెలుస్తుంది. ఒక జట్టు మాత్రమే ఉంటే నలుగురిని నాలుగు చోట్ల అమర్చడానికి 24 దారులు. నాలుగు జట్లూ ఉంటే అవయవాలు 16. ఒక్క నాయకుడి చుట్టూ వాటిలోంచి నలుగురిని అమర్చడానికి 43,680 దారులు. మొదటి పద్ధతిలో ఇదే సంఖ్య ఒకటి. అమ్మకాల కోణంలో కూడా తెలివైన పనే. ఒక బొమ్మ కొన్నవాడికి ఇంకోటి కొనడానికి కారణం డబ్బాలోనే పెట్టి ఇచ్చారు.

ఈ స్వేచ్ఛ ఉచితం కాదు. ఏ ముక్క ఎక్కడికైనా వెళ్లాలంటే అన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి. ప్రొటెక్టోబాట్స్‌లో మోటార్‌సైకిల్, హెలికాప్టర్, అంబులెన్స్ మూడూ ఒకే పొడుగు. కాంబాటికాన్స్‌లో అంతరిక్ష నౌక, జీపు సమానం. పిల్లలు దీన్ని పట్టించుకోరు, పెద్దవాళ్లకే కళ్లకి గుచ్చుకుంటుంది. అసలు ఇబ్బంది అది కాదు. చెయ్యి, కాలు ఒకటే ముక్క అయ్యేసరికి చెయ్యి కాలంత బరువైపోతుంది. పెద్ద రోబో చెయ్యి జారిపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

నీళ్లు నిండిన బకెట్ ఒంటికి ఆనించి మోస్తే ఫర్వాలేదు, అదే బకెట్ చెయ్యి బారజాపి పట్టుకుంటే భుజం లాగేస్తుంది. బరువు మారలేదు, దూరం మారింది. కీలు మీద పడే మెలిక అంటే బరువుని దూరంతో హెచ్చవేసినది. చెయ్యిగా తగిలించిన చిన్న రోబో 120 గ్రాములు ఉందనుకుందాం. దాని బరువు మధ్యబిందువు భుజం నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెయ్యి అడ్డంగా చాపినప్పుడు భుజం కీలు మీద 840 గ్రామ్-సెంటీమీటర్ల మెలిక. ఇప్పుడు పిడికిట్లో 40 గ్రాముల తుపాకీ పెట్టండి. అది భుజానికి 16 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఇంకో 640. రోబో బరువులో మూడో వంతే ఉన్న తుపాకీ కీలు మీద భారాన్ని ముప్పావు వంతు పెంచేసింది. చెయ్యి వాలుతుంటే ముందు తుపాకీ తీసి చూడండి అనేది ఇందుకే.

ఇక సైజు సంగతి. పెద్దది కొంటే గట్టిగా ఉంటుందని అందరం అనుకుంటాం. నిజానికి వ్యవహారం తిరగబడుతుంది. బొమ్మని అన్ని వైపులా రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, దూరం రెండు రెట్లు. మెలిక పదహారు రెట్లు. కీలు కూడా రెట్టింపు సైజుదే కదా అంటారా? రాపిడి మీద ఆధారపడే కీలులో ఆనుకునే వైశాల్యం నాలుగు రెట్లు, వ్యాసార్థం రెండు రెట్లు పెరుగుతాయి. కలిపి పట్టు ఎనిమిది రెట్లు. పదహారు రెట్ల భారం, ఎనిమిది రెట్ల పట్టు. సైజు రెట్టింపు అయిన ప్రతిసారీ కీలు సగం బలహీనపడినట్టే. అందుకని పెద్ద బొమ్మల్లో రాపిడిని నమ్ముకోరు, లోపల పళ్లచక్రం పెడతారు. తిప్పితే టక్ టక్ మని మెట్లు మెట్లుగా ఆగేది అదే. చక్రానికి 12 పళ్లుంటే ఒక్కో మెట్టు 30 డిగ్రీలు, 24 ఉంటే 15. మధ్యలో ఎక్కడా ఆగదు. పెద్ద కలయిక రోబోలు ఫొటోల్లో కాస్త బిర్రబిగుసుకుని నిలబడినట్టు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. 2015లో ట్రాన్స్‌ఫార్మర్స్ కాంబైనర్ వార్స్ శ్రేణిలో సుమారు 18 అంగుళాల డివాస్టేటర్ వచ్చింది. అంత బరువు మోయాలి కాబట్టో ఏమో, అందులోని రోబోలకి విడిగా ఉన్నప్పుడు మోచేతుల కదలిక సరిగా లేదు. అభిమానులు బాగానే తిట్టారు. నా దృష్టిలో ఆ రాజీ అర్థం చేసుకోదగ్గదే. అయినా ఆరు రోబోలు కొని మోచేతులు వంచలేకపోతే పిల్లాడికి ఎలా ఉంటుందో కూడా అర్థం చేసుకోవాలి.

అదే శ్రేణిలో ఒక చిన్న ఉపాయం నాకు బాగా నచ్చింది. విడి భాగాలు పోతాయన్న పాత సమస్యకి జవాబుగా అవయవాలయ్యే ప్రతి రోబోతోనూ ఒక ముక్క ఇచ్చారు. ఒకలా మడిస్తే పెద్ద రోబోకి పిడికిలి, ఇంకోలా మడిస్తే పాదం, రెండూ కాకపోతే చిన్న రోబో చేతిలో ఆయుధం. దానికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది కాబట్టి సోఫా కిందకి వెళ్లే అవకాశం తక్కువ.

మూడో పద్ధతికి ఇంత ఆర్భాటం లేదు, ఒక కొలత మాత్రం ఉంది: 5 మిల్లీమీటర్లు. 1970ల్లో టకారా వారి మైక్రోమ్యాన్ బొమ్మల్లో వాడిన పెగ్గు (కన్నంలో దూర్చే చిన్న మేకులాంటి ముక్క) వ్యాసం అది. ట్రాన్స్‌ఫార్మర్స్‌కి పుట్టిల్లు ఆ మైక్రోమ్యాన్, దానితో పాటు 1980లో మొదలైన డయాక్లోన్. టకారా దగ్గర ఉన్న ఆ బొమ్మల్నే హాస్‌బ్రో 1984లో కొత్త పేరుతో అమెరికాలో దింపింది. వాటితో పాటు ఆ కొలతా వెళ్లింది. 1985 నాటి తుపాకీ చాలావరకు 2019లో వచ్చిన సీజ్ శ్రేణి రోబో పిడికిట్లో పడుతుంది. సీజ్ బొమ్మలకైతే చేతుల్లోనే కాదు, భుజాల మీద, కాళ్ల మీద, వీపు మీద, అరికాళ్లలో కూడా 5 మిల్లీమీటర్ల కన్నాలే. వాటికోసం ఒళ్లంతా ముక్కలై ఇతర రోబోలకి ఆయుధాలుగా, కవచాలుగా మారిపోయే రోబోలనీ అదే శ్రేణిలో అమ్మారు. తర్వాత 2021లో వచ్చిన కింగ్‌డమ్ శ్రేణిలో డైనోసార్ ఎముకల గూళ్లుగా ఉండి విడిపోయి ఆయుధాలయ్యేవి వచ్చాయి.

ఆడుకునే పిల్లల వైపు నుంచి చూస్తే మూడింటిలో నా ఓటు దీనికే. పెద్ద రోబోని కలపడం అరగంట పని, కలిపాక అల్మారా మీద పెట్టడమే. తగిలింపులు అలా కాదు. రోజుకో రకంగా ఆట మారుతుంది, ముక్క తప్పిపోయినా మొత్తం ఆట ఆగదు. పైగా కీలు మీద పెద్ద భారం ఉండదు కాబట్టి జారిపోవడాలు తక్కువ.

తగిలింపు పెగ్గు ఎప్పుడూ పట్టుకోవడానికే ఉండాలని లేదు, తాళంచెవిగా కూడా పనిచేస్తుంది. 1987 నాటి హెడ్‌మాస్టర్స్‌లో చిన్న రోబో మడుచుకుని పెద్ద రోబోకి తల అవుతుంది. ఆ తలని మెడలో నొక్కితే ఛాతీలోని చిన్న కిటికీల్లో బలం, వేగం, తెలివి కొలతలు పైకి లేస్తాయి. 2002లో వచ్చిన ఆర్మాడా శ్రేణిలో మినీకాన్ అనే బుల్లి రోబోని తగిలిస్తే పెద్దదానిలో దాగున్న స్ప్రింగు ఆయుధమో, శబ్దమో విడుదలవుతుంది. ఇలాంటి బొమ్మ కొన్నప్పుడు చిన్నవాడిని పోగొట్టుకుంటే పెద్దవాడి సగం ఆట పోయినట్టే.

ఇంకో దారి అయస్కాంతం. 1975 ప్రాంతంలో స్టీల్ జీగ్ బొమ్మకి టకారా మాగ్నెమో అనే కీలు వాడింది: ఒక పక్క అయస్కాంతం, ఇంకో పక్క ఉక్కు గోళీ. దగ్గర పెడితే చాలు అంటుకుంటుంది, ఎటైనా తిరుగుతుంది, లాగితే ఊడుతుంది, పెగ్గు విరిగే బాధ లేదు. మెలిక ముందు మాత్రం అయస్కాంతం తేలిపోతుంది, బరువైన చెయ్యిని ఎత్తి పట్టలేదు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇంకో భయం కూడా ఉంది. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగితే అవి పేగుల మడతల్ని మధ్యలో నొక్కి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకి చిల్లు పడుతుంది. బొమ్మ పగిలి అయస్కాంతం బయటికి కనిపిస్తే ఆలోచించకుండా పారేయండి. మింగారన్న అనుమానం ఉంటే విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గర్లోని ఆసుపత్రికో వెంటనే పరుగెత్తాలి, మర్నాటి దాకా చూద్దామనుకోకూడదు.

మళ్లీ 5 మిల్లీమీటర్ల దగ్గరికి వద్దాం, చవక సరుకు సంగతి అక్కడే తేలుతుంది. ఈ బొమ్మల్లో ఎక్కువగా వాడేది ఏబీఎస్ ప్లాస్టిక్. కరిగించి అచ్చులో పోస్తే చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుంచించుకుపోతుంది. 5 మిల్లీమీటర్ల పెగ్గు మీద అది 0.025 మిల్లీమీటర్లు, వెంట్రుక మందంలో సగం కూడా లేదు. బిగువుగా కూర్చోవడం, జారిపోవడం మధ్య తేడా ఇలాంటి కొలతల్లోనే ఉంటుంది. కాబట్టి అచ్చు అరిగినా, ప్లాస్టిక్‌లో పాత తుక్కు కలిపినా, పెగ్గు మీద రంగు పూసినా పట్టు మారిపోతుంది. జాగ్రత్తగా చేసేవాళ్లు ఎక్కువ తిరిగే కీళ్లలో పీఓఎం అనే నున్నటి గట్టి ప్లాస్టిక్ వాడతారు. అది తొందరగా అరగదు, కానీ దాని మీద రంగు నిలవదు.

అసలు బొమ్మని చూసి అచ్చు తీసిన నకళ్లలో తమాషా ఏమిటంటే అవి వాటిలో అవి బాగానే కలుస్తాయి. పెగ్గు, కన్నం ఒకే నిష్పత్తిలో మారతాయి కదా. తేడా కంపెనీ బొమ్మతో కలపబోతేనే బయటపడుతుంది. ముఖ్యంగా సైజు పెంచి చేసిన నకళ్లలో. 20 శాతం పెంచితే 5 మిల్లీమీటర్ల పెగ్గు 6 అవుతుంది. ఇంట్లో ఉన్న ఏ రోబో చేతిలోనూ ఆ తుపాకీ పట్టదు. బలవంతంగా తోస్తే కన్నం చుట్టూ ప్లాస్టిక్ తెల్లబడుతుంది, అది చీలడానికి ముందు వచ్చే గుర్తు. అక్కడే ఆపేయాలి. పారదర్శక ప్లాస్టిక్ అయితే తెల్లబడే మర్యాద కూడా చూపించదు, నేరుగా పగులుతుంది.

కొత్త సరుకైతే ఐఎస్ఐ మార్కు చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి, దిగుమతి అయినవాటితో సహా, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. చిన్న ముక్కలు, పదునైన అంచులు, రంగుల్లోని విషపదార్థాలు లాంటివి పరీక్షించాకే ఆ మార్కు ఇస్తారు. పెగ్గు బిగువుకి మాత్రం అది హామీ కాదు. దిగుమతి సుంకం కూడా 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. అసలు సరుకు ధర చూసి జనం నకళ్ల వైపు మళ్లడంలో దీని పాత్ర ఉందని నా అభిప్రాయం.

మన విశాఖ గాలి గురించి కూడా చెప్పాలి. ఇక్కడికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. కర్ర తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. అమర్చే ముక్కల బిగువు కాలాన్ని బట్టి మారుతుంది. ఏబీఎస్‌కి ఆ బాధ లేదు, తేమని పెద్దగా పీల్చదు. కాబట్టి వానాకాలంలో రోబో కీలు వదులైందంటే తేమని నిందించి లాభం లేదు, అరిగిందని అర్థం. ఉప్పుగాలి దెబ్బ తగిలేది లోపలి మరలకి, ఇనుప పిన్నులకి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఏళ్ల తరబడి బయట పెట్టిన బొమ్మల కీళ్ల దగ్గర గోధుమరంగు మరక కనిపిస్తే లోపల తుప్పు మొదలైనట్టే. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బా చాలు. మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర ఎండలో ఆపిన కారులో మాత్రం కలిపిన రోబోని వదిలి రావద్దు. ప్లాస్టిక్ కరగదు కానీ, బిగించి ఉన్న పెగ్గులు, భారం మోస్తున్న మెత్తటి భాగాలు ఆ వేడికి మెల్లగా వంగి అలాగే ఉండిపోతాయి.

వదులైన పెగ్గుకి ఇంట్లో చేసుకోగల చికిత్స ఒకటి ఉంది: రంగులేని నెయిల్ పాలిష్ పెగ్గు మీద పల్చగా ఒక్క పూత. కన్నంలో కాదు, పెగ్గు మీదే. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు తగిలించి చూడాలి, చాలకపోతే ఇంకో పూత. తడిగా ఉండగా తగిలిస్తే అక్కడే అతుక్కుపోతుంది. ఎక్కువైందని రిమూవర్‌తో తుడవబోకండి, అందులో ఎసిటోన్ ఉంటే ఏబీఎస్‌నే కరిగించేస్తుంది. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దితే సరి. పళ్లచక్రం ఉన్న కీలుకి ఈ చిట్కా పనిచేయదు. టక్ టక్ శబ్దం వస్తూనే చెయ్యి జారుతుంటే లోపల పళ్లు అరిగినట్టు, లేదా వాటిని నొక్కి పెట్టే స్ప్రింగు నీరసించినట్టు. పాత బొమ్మ కొనేటప్పుడు ఆ చెయ్యిని అడ్డంగా చాపి, అమ్మేవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడి, అప్పుడు డబ్బులు తీయండి.